ఆరుకీ ఏడుకీ మధ్య

వదినగారికి ఆ పేరు ఎవరూ పెట్టలేదు. మరిది నోటి అలవాటు వల్ల వచ్చిపడింది. ఆవిడ ఆఫీసులో చేరిన మొదటిరోజే అతను అందరి ముందూ "వదినా, ఈ కుర్చీ నీది, కాస్త కిర్రుమంటుంది, ఏమనుకోకు" అనేశాడు. ఇక అంతే. సాయంత్రానికల్లా మిగతా ఆరుగురూ వదినగారూ అనడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి కింద కళ్ళజోళ్ళ షాపు ఆయనా, ఫోన్లు చేసే కస్టమర్లూ కూడా అదే పిలుపు. జీతం చీటీ మీద అసలు పేరు చూసి "ఈవిడెవరండీ, కొత్తగా చేరారా?" అని అడిగినవాడు కూడా ఒకడున్నాడు.

నలభై నాలుగేళ్ళ మనిషి. పందొమ్మిదేళ్ళపాటు ఒక నాట్యమండలిలో డోలక్ వాయించింది. అక్కడ నాట్యం చేసేవాళ్ళు మారారు, పాడేవాళ్ళు మారారు, తెరలు మారాయి, ఈవిడ మాత్రం వేదికకి ఎడమపక్క అదే చాప మీద కూర్చుని ఉండేది. ఒకరోజు హాలు యజమాని వచ్చి, ఈ హాలు కార్లమ్మేవాళ్ళకి ఇచ్చేశాను, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలి అన్నాడు. మండలి చెదిరిపోయింది. వదినగారు డోలక్ తెచ్చి ఇంట్లో బీరువా పక్కన పెట్టుకుంది.

ఆ తర్వాత మూడు నెలలు ఆ ఇంట్లో నిశ్శబ్దం అన్నది లేదు. కూరగాయలు తరుగుతూ పీట మీద, బట్టలు ఆరేస్తూ బకెట్టు మీద, మాట్లాడుతూ ఎదుటివాడి భుజం మీద కూడా ఆవిడ వేళ్ళు ఆడుతూనే ఉండేవి. భర్త బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య గడిపి ఇంటికొచ్చే మనిషి. "గిన్నెలన్నీ సొట్టలు పడుతున్నాయే. ఏదో ఒక పని చూసుకో, నీకూ బాగుంటుంది, గిన్నెలకీ బాగుంటుంది" అన్నాడు.

పని తనంతట తానే భోజనానికి వచ్చింది. మరిది, అంటే ఆ డ్రైవరుగారి తమ్ముడు, ఫ్యాక్టరీల్లో యంత్రాలని నడిపించే ప్రోగ్రాములు రాసే చిన్న ఆఫీసు పెట్టుకున్నాడు. ఒక ఆదివారం అన్నావదినల ఇంటికి వచ్చి, అన్నం తింటూ కూడా లాప్‌టాప్ వదలకుండా కూర్చున్నాడు. వదినగారు మజ్జిగ పోస్తూ తెర మీదికి తొంగిచూసింది.

"ఏమిటిది, మెట్లు మెట్లుగా రాశావు?"

"ఇదా, లూప్ వదినా. ఈ నాలుగు వరసలూ మళ్ళీ మళ్ళీ జరుగుతాయి."

"ఎందాకా?"

"ఇదిగో, ఇక్కడ రాసిన షరతు నిజమయ్యేదాకా."

"ఓస్, తిరిగి తిరిగి వచ్చే ఆవర్తమూ, చివర్న ముక్తాయింపూనా!" అంది ఆవిడ. "మరి ఈ పేరేమిటి, నాలుగు చోట్ల రాశావు?"

"అది పైన ఒకసారి రాసి పెట్టుకున్న పని. పేరు చెబితే చాలు, మొత్తం జరుగుతుంది."

"అంటే జతి నేర్పి పెట్టుకున్నట్టు. మూడో జతి అంటే చాలు, విడమర్చి చెప్పక్కర్లేదు." మజ్జిగ గిన్నె బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కుంది. "ఈ పనికి నీకు జీతం కూడా ఇస్తున్నారా?"

మరిది నవ్వాడు గానీ, ఆవిడ నవ్వలేదు. ఆ మర్నాటి నుంచే పుస్తకం తెరిచింది. పద్నాలుగు నెలలు పట్టింది. తేలిగ్గా వచ్చిందని చెప్పడానికి లేదు. మొదటి ప్రోగ్రాం ఆగకుండా తెరంతా ఒకే మాట నింపుకుంటూ పోతే, భర్త వచ్చి ప్లగ్గు పీకాల్సి వచ్చింది. బ్రాకెట్లు మర్చిపోయేది, ఇంగ్లీషు స్పెల్లింగులు తప్పేవి. కానీ ఏది ఎప్పుడు మొదలవ్వాలి, ఏది దేనికోసం ఆగాలి, ఏది ఎన్నిసార్లు తిరగాలి అన్న విషయంలో మాత్రం ఆవిడకి ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. మరిది మొహమాటానికి పోయే రకం కాదు. అయినా, ఒకరోజు తనంతట తనే "వదినా, ఉద్యోగానికి రా" అన్నాడు.

అలా చేరిన ఆరో నెలలో వదినగారికి ఒక బ్రెడ్డు ఫ్యాక్టరీ పని వచ్చింది. పని అనడానికి కూడా లేదు, ఒక్క అంకె మార్చడం. అక్కడ బెల్టు మీద ట్రేలు కదులుతాయి. బెల్టు గడియారం ముల్లులాగా అడుగడుగునా ఆగి ఆగి నడుస్తుంది, రెండు సెకన్లకి ఒక అడుగు. ఆరు అడుగులకోసారి ఒక గేటు దిగి వెనకొచ్చే ట్రేలని ఆపుతుంది. ఎనిమిది అడుగులకోసారి ఒక ఇనపచెయ్యి వచ్చి, ముందున్న ట్రేని పక్కకి, ప్యాకింగు బల్ల మీదికి తోస్తుంది. ఈ మొత్తానికి ప్రోగ్రాం రాసింది మరిదే, ఆరేళ్ళ క్రితం. ఇప్పుడు గిరాకీ పెరిగింది, చెయ్యిని కాస్త త్వరపెట్టమన్నారు. వదినగారు ఎనిమిది కొట్టేసి ఏడు వేసింది. మరిది చూసి సరే అన్నాడు. ఫ్యాక్టరీవాళ్ళు మామూలు ట్రేలతో అరగంట నడిపి చూసి బ్రహ్మాండం అన్నారు.

పది రోజులు తిరక్కుండానే సూపర్‌వైజర్ ఫోను. బ్రెడ్లు నేలపాలవుతున్నాయట. పూటకి పదో పన్నెండో ట్రేలు గేటుకి తగులుకుని తలకిందులవుతున్నాయి. పడేవన్నీ పొడుగు బ్రెడ్ల ట్రేలే. ఇరవై ట్రేలకొకటి వచ్చే ఆ పొడుగు ట్రేలలో కూడా అన్నీ పడవు, ఏది పడుతుందో తెలియదు.

"మీ ప్రోగ్రాం సంగతి నేను అనడం లేదు సార్" అన్నాడు సూపర్‌వైజర్. "ట్రేలు పెట్టే ఆవిడే వంకరగా పెడుతోంది. వయసైపోతోంది కదా. సోమవారం నుంచి లైను మీంచి తీసేసి ఊడ్చే పనికి వేస్తున్నాం. ఏదేమైనా మీరూ ఒకసారి చూసి, యంత్రంలో తప్పు లేదని ఒక కాగితం రాసిచ్చేస్తే మా ఆఫీసుకి పంపుతాను."

మరిది తన బల్ల దగ్గర కూర్చునే రికార్డులన్నీ తీశాడు. యంత్రం ఎప్పుడెప్పుడు ఆగిందో టైములన్నీ ఉన్నాయి. ఒకసారి ఏడు నిమిషాలకి పడింది, ఇంకోసారి నలభై నిమిషాలు పడలేదు. గ్రాఫు గీశాడు, సగటు తీశాడు, వేడికీ తేమకీ ముడిపెట్టి చూశాడు. ఒక వరసంటూ లేదు.

"మనుషుల తప్పులే ఇలా ఉంటాయి వదినా, అడ్డదిడ్డంగా. కాగితం రాసిచ్చేద్దాం."

వదినగారు ఒప్పుకోలేదు. "నేను ఒకసారి వెళ్ళొస్తాను."

"ఇక్కడ కనపడనిది అక్కడేం కనపడుతుంది?"

"కనపడకపోతే వినొస్తాను. ఆవిడెవరో ఉద్యోగం పోగొట్టుకునే ముందు నేనొకసారి వింటే నీ సొమ్మేం పోయింది?"

మర్నాడు పొద్దున్నే తలకి టోపీ, కాళ్ళకి రబ్బరు చెప్పులు వేసుకుని వదినగారు ఫ్యాక్టరీలో నిలబడింది. లోపల వేడి మొహానికి దుప్పటి కప్పినట్టు ఉంది. పొయ్యిల గర్జన, ఫ్యాన్ల హోరు, ఎవరో ఎవరిమీదో అరుస్తున్నారు. బెల్టు మొదట్లో ఒకావిడ నిలబడి ట్రేలు పెడుతోంది. యాభై పైబడిన మనిషి, మణికట్టు దాకా పాత కాలిన మచ్చలు. లైను మీద అందరూ ఆవిడని ట్రేలక్క అంటారు.

వదినగారు పక్కకి వెళ్ళి పలకరించింది. ట్రేలక్క తల తిప్పలేదు.

"రాసుకోవడానికొచ్చావా అమ్మా? రాసుకో. నేను వంకరగా పెట్టట్లేదు. ఆరేళ్ళ నుంచీ ఇదే చోట నిలబడ్డాను, ఇవే చేతులు."

"రాయడానికి రాలేదక్కా. కాసేపు ఇక్కడే నిలబడతా, నీకు అడ్డం రాను."

నిలబడింది. మొదట పావుగంటసేపు ఆవిడకి వినపడింది ఒట్టి గోల. డోలక్ మనిషికి అది కొత్తేమీ కాదు. హాల్లో జనం, వేదిక మీద గజ్జెలు, వెనక ఎవరో తెర తాళ్ళు లాగడం, వీటన్నిటి మధ్యలోంచే తనకి కావలసిన శబ్దం ఏరుకునేది. ముందు బెల్టు అడుగు దొరికింది, టక్, టక్, నిదానంగా. దాని మీద గేటు, ధన్. ఇనపచేతికి గాలి కొట్టే శబ్దం, ఫుస్స్.

ఎడమచెయ్యి తనకి తెలియకుండానే తొడ మీద కొట్టడం మొదలుపెట్టింది. తకిట, తకిట. ఆరు. గేటుది ఆ వరస. కుడిచెయ్యి అందుకుంది. తకిట, తకధిమి. ఏడు. ఇనపచెయ్యిది ఆ వరస. రెండూ ఒకదాన్నొకటి దాటుకుంటూ, దూరం జరుగుతూ, మళ్ళీ దగ్గరవుతూ వస్తున్నాయి. మండలిలో ఉన్నప్పుడు రెండో డోలక్ ఆయనతో పందెం కట్టి వాయించేది ఇలాగే, ఆయన ఆరు, ఈవిడ ఏడు. ఎక్కడో ఒకచోట రెండూ కలిసి ఒక్క దెబ్బగా పడేవి. సరిగ్గా అక్కడ నర్తకి పాదం నేలని తాకేది. హాలంతా చప్పట్లు.

రెండూ ఒకసారి కలిసిన చోటి నుంచి అడుగులు లెక్కపెట్టింది. నలభైరెండో అడుగు. ధన్, ఫుస్స్ ఒక్కసారే వినిపించాయి.

ట్రే ఏమీ పడలేదు. చేతి ముందున్నది మామూలు ట్రే, పొట్టిది, ఇట్టే జరిగిపోయింది. వదినగారు మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ నలభైరెండు. మళ్ళీ రెండూ ఒకేసారి. ఈసారి కూడా పొట్టి ట్రేనే. పొడుగు ట్రే అయితే దాని తోక ఇంకా గేటు కిందే ఉంటుంది కదా, అప్పుడు?

అప్పుడు ఆవిడకి రెండో సంగతి తట్టింది. ఏడు ఎవరిది? ఏడు తనది. ఎనిమిది కొట్టేసి ఏడు వేసిన వేలు తనది.

అక్కడ ఎవరికీ తెలియదు. ఆఫీసుకి వెళ్ళి చప్పుడు చెయ్యకుండా సరిచేసి, "ట్రేలక్క పని మెరుగుపడింది" అనిపించెయ్యొచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. వచ్చి, ట్రేలక్క చేతుల మీది మచ్చల దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. వదినగారు చెయ్యెత్తి సూపర్‌వైజర్ని పిలిచింది.

సూపర్‌వైజర్ చెవి మీద పెన్ను పెట్టుకుని వచ్చాడు. "ఏం వదినగారూ, దొరికిందా తప్పు?"

"దొరికింది. చూపిస్తాను. ఆరు పొడుగు ట్రేలు తెప్పించండి. అక్కా, నేను చెప్పినప్పుడల్లా ఒకటి పెట్టు."

ట్రే పెట్టిన చోటు నుంచి ఇనపచేతి దగ్గరికి ఐదు అడుగులు. వదినగారు రెండు చేతులూ తొడల మీద ఆడిస్తూ, పెదవులు కదుపుతూ, గేటూ చెయ్యీ కలిసిపడేదాకా ఆగింది. కలిశాయి. అక్కణ్ణుంచి ఒకటి, రెండు. "పెట్టు" అంది. ఏడో అడుగులో చెయ్యి ఆ ట్రేని సాఫీగా తోసేసింది. "పెట్టు." పద్నాలుగో అడుగు, సాఫీగా. మూడోదీ, నాలుగోదీ, ఐదోదీ అంతే.

"ఇప్పుడు పెట్టేది పడుతుంది" అంది వదినగారు.

ట్రేలక్క ఆగింది. "తెలిసి తెలిసి పెట్టమంటావా?"

"పెట్టక్కా. తిన్నగా పెట్టు, ఆయన చూస్తుండగా."

పెట్టింది. నలభైరెండో అడుగులో గేటు దిగడమూ, చెయ్యి తొయ్యడమూ ఒక్కసారి. ట్రే తోక గేటుకి తగులుకుంది, మొత్తం గిర్రున తిరిగి బోర్లాపడింది. పొడుగు బ్రెడ్లు నేల మీద దొర్లాయి.

సూపర్‌వైజర్ ఒక్క క్షణం నోరు తెరిచి చూశాడు. తర్వాత తేరుకున్నాడు. "చెప్పాక పడకుండా ఉంటుందా అండీ? ఆవిడే చెయ్యి వదిలేసి ఉంటుంది."

"అలాగా. అయితే ఈసారి మీరే పెట్టండి."

చుట్టుపక్కల పనిచేసేవాళ్ళు మెల్లగా అటు తిరిగారు. సూపర్‌వైజరుకి వెనక్కి తగ్గే దారి లేకపోయింది. చొక్కా చేతులు మడిచి, ట్రేలక్క పక్కకి తప్పుకుంటే, ఆవిడ చోట నిలబడ్డాడు. వదినగారు చెప్పినప్పుడల్లా ఒక్కొక్క ట్రేనీ పసిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు పెట్టాడు. ఐదూ దాటాయి. ఆరోదాన్ని రెండుసార్లు సర్దాడు, కొలత తీసినట్టు వంగి చూశాడు, వదిలాడు. అదీ బోర్లాపడింది. ఒక బ్రెడ్డు దొర్లుకుంటూ వచ్చి అతని బూటుకి తగిలి ఆగింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇందులో ఈ అక్క తప్పు ఇసుమంతైనా లేదు" అంది వదినగారు, అందరికీ వినపడేలా. "ఇనపచెయ్యి మునుపు ఎనిమిది అడుగులకోసారి వచ్చేది. దాన్ని ఏడు చేసింది నేను. చేసి సరిగ్గా పరీక్షించలేదు, పొడుగు ట్రే పెట్టి చూడలేదు. తప్పు నాది. సాయంత్రంలోగా సరిచేస్తాను."

ట్రేలక్క కింద పడిన బ్రెడ్లు ఏరడానికి వంగబోతే, సూపర్‌వైజరే ముందు వంగాడు.

వదినగారు బయటికొచ్చి మరిదికి ఫోను చేసింది. "ఎన్ని అడుగులకి ఒకసారి పడిందో తియ్యి. రెండు పడిపోవడాల మధ్య అడుగులని నలభైరెండుతో భాగించు."

అటునుంచి కీబోర్డు శబ్దం, తర్వాత అతని గొంతు. "శేషం సున్నా. సున్నా. ఇదీ సున్నా. వదినా, అన్నీ సున్నాలే... ఒక్కటి తప్ప."

"అది ఎప్పుడు?"

"మంగళవారం. ఆగు... ఆ రోజు మధ్యలో కరెంటు పోయింది. లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలయింది." ఊపిరి పీల్చాడు. "నేను నిమిషాల్లో చూశాను, మధ్యమధ్య ఆగిన టైము కూడా కలిపి. అడుగుల్లో చూడాలని తట్టనే లేదు. వస్తున్నా, అక్కడే ఉండు."

గంటలో వచ్చాడు. పిండి బస్తాలు పేర్చిన గదిలో, ఒక బస్తా మీద వదినగారు, ఇంకో బస్తా మీద అతనూ కూర్చున్నారు. మధ్యలో లాప్‌టాప్.

"తేలిక పని. ఏడుని మళ్ళీ ఎనిమిది చేసేద్దాం" అన్నాడు.

"వాళ్ళకి ఏడు కావాలి. అయినా ఎనిమిదిలో మాత్రం ఏముంది? అదృష్టం."

మరిది మొహం ఎర్రబడింది. "ఆరేళ్ళు నడిచింది వదినా. ఆరేళ్ళు! ఒక్క ట్రే పడలేదు. నువ్వు ముట్టుకున్నాకే పడింది. అదృష్టమంటావేంటి?"

"నా తప్పు నేను అందరి ముందూ ఒప్పుకున్నాను, కావాలంటే ఇంకోసారి ఒప్పుకుంటా. ఇప్పుడు నీది విను. ఆరూ ఎనిమిదీ రెండూ సరి అంకెలు. గేటు సరి అడుగుల్లో దిగుతుంది. చెయ్యి ఎప్పుడూ బేసి అడుగుల్లోనే వచ్చేది, ఎందుకంటే నువ్వు దాన్ని ఒక అడుగు జరిపి మొదలుపెట్టావు. అందుకని జన్మలో కలవవు. నేను ఏడు చేశాను, చెయ్యి ఒకసారి సరిలో, ఒకసారి బేసిలో పడటం మొదలైంది. ఇక ఎక్కడ మొదలుపెట్టినా ఒకచోట కలవాల్సిందే. ఆ ఒక అడుగు ఎందుకు జరిపావో చెప్పు."

మరిది లాప్‌టాప్ వంక చూశాడు. ఆరేళ్ళ క్రితం నాటి సంగతి కళ్ళలోకి వస్తున్నట్టుంది.

"మొదటిరోజు నడిపినప్పుడు గుద్దుకున్నాయి" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఒక అడుగు జరిపి చూశాను. కుదిరింది. ఎందుకు కుదిరిందో... చూడలేదు. అప్పటికే ఆలస్యమైంది, వాళ్ళు తొందరపెడుతున్నారు. వదిలేశాను."

వదినగారు గెలిచిన మొహం పెట్టలేదు. "మేము వేదిక మీద ఎప్పుడూ అంకెని మాత్రమే నమ్ముకుని వాయించలేదురా" అంది. మాట చివర రా తగిలించడం మండలి పాత అలవాటు, బాగా దగ్గరితనం వచ్చినప్పుడే నోటికొచ్చేది. "చేతిలో లెక్క ఉంటుంది. కానీ కన్ను నర్తకి మీద, చెవి పాట మీద. ఆ అమ్మాయి కాలు జారితే నా లెక్క ప్రకారం దెబ్బ వేస్తానా? అర క్షణం ఆగుతాను. నీ చెయ్యికీ గేటుకీ లెక్క తెలుసు. ఒకదాని మాట ఒకటి వినడం తెలియదు. పక్కపక్కనే ఉండి ఆరేళ్ళు చెవులు మూసుకుని వాయించాయి."

మరిదికి కోపం పోయింది. లాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పాడు. "రాయి."

వదినగారు రాసింది. నాలుగు వరసలు. చెయ్యి కదిలే ముందు గేటుని అడగాలి, దిగుతున్నావా అని. దిగుతుంటే ఒక అడుగు ఆగాలి, గేటు పైకి లేచాక తొయ్యాలి. మరిది ఒక్కో వరస మీదా వేలు పెట్టి చదివాడు.

"ఆగాక లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుందా?"

"ఎందుకు పెడుతుంది? దెబ్బ ఒక అడుగు ఆలస్యమవుతుంది, తాళం అలాగే నడుస్తుంది. నలభైమూడులో తోస్తే, తర్వాతది నలభైతొమ్మిదిలోనే. లేకపోతే అవతల ప్యాకింగు బల్లవాళ్ళ యంత్రం నీ ఏడుని నమ్ముకుని మోసపోతుంది."

"సరే. మరి గేటు పాడై, దిగుతూనే ఉన్నాను అని చెబుతూ కూర్చుంటే?"

వదినగారి వేళ్ళు ఆగాయి. "అప్పుడు... చెయ్యి ఆగే ఉంటుంది."

"ఎప్పటికీ. వెనక ట్రేలన్నీ పోగుపడతాయి. మూడు అడుగులు చూసి, అప్పటికీ లేవకపోతే బెల్టు ఆపి గంట కొట్టాలి." మరిది ఇంకో మూడు వరసలు కలిపాడు. "నేనూ ఈ ఆఫీసులో ఏదో ఒక పని చేస్తూ ఉండాలి కదా."

"చెయ్యి చెయ్యి, వద్దన్నానా" అంది వదినగారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

మధ్యాహ్నం ఫ్యాక్టరీకి గంటసేపు విరామం. ఆ గంటలో కొత్త ప్రోగ్రాం ఎక్కించారు. ఈసారి వదినగారు తేలిగ్గా వదల్లేదు. ట్రేలక్క తిండి తొందరగా ముగించుకుని వచ్చి నిలబడితే, అన్నీ పొడుగు ట్రేలే పెట్టించింది, వరసగా అరవై. కలిసే చోటు ఒకసారి రానిచ్చింది, రెండోసారి, ఐదోసారి, పదోసారి. ప్రతిసారీ నలభైరెండు దగ్గర గేటు ముందు దిగింది, చెయ్యి కదలకుండా ఆగింది, ఒక టక్ గడిచింది, గేటు లేచింది, ఫుస్స్. ట్రే పోయింది. మరిది గేటుని చేత్తో నొక్కిపట్టి చూశాడు, మూడు అడుగులకి బెల్టు ఆగి గంట మోగింది. కరెంటు తీసి మళ్ళీ వేసి చూశారు. ఒక్క బ్రెడ్డు కూడా కింద పడలేదు.

"మా ఆవిడకి ఇంత ఓపిక ఉండదండీ" అన్నాడు సూపర్‌వైజర్, మెచ్చుకుంటున్నాడో తప్పించుకుంటున్నాడో తెలియకుండా. తర్వాత ట్రేలక్క వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. పెన్ను చెవి మీంచి తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఊడ్చే పని సంగతి... మర్చిపో అక్కా. నిన్ను మార్చమని రాసిన కాగితం నేను చించేశాను. ఇన్ని రోజులూ నిన్ను అనరాని మాటలన్నాను."

"అన్నారు" అంది ట్రేలక్క.

అతను "తప్పైంది" అన్నాడు. ట్రేలక్క తలూపి, చేతులు తుడుచుకుంది.

విరామం అయిపోయింది, పనివాళ్ళు ఎవరి చోటుకి వాళ్ళు వచ్చారు. లైను మొదలైంది. వదినగారు సంచీ భుజానికి తగిలించుకుంటుంటే సూపర్‌వైజర్ దగ్గరికొచ్చాడు. మొహంలో కొత్త ఉత్సాహం.

"వదినగారూ, ఇప్పుడు ఒకదాని మాట ఒకటి వింటున్నాయి కదా. అంటే ఏ అంకె వేసినా గుద్దుకోవు?"

"గుద్దుకోవు."

"అయితే ఏడెందుకు? ఐదు వేసెయ్యండి. మా ఆఫీసువాళ్ళు ఎగిరి గంతేస్తారు."

మరిది నోరు తెరవబోయాడు. వదినగారు అతని మోచెయ్యి మీద రెండు వేళ్ళతో చిన్నగా కొట్టి ఆపింది.

"యంత్రం ఐదు కొడుతుందండీ. నాలుగు కూడా కొడుతుంది. ఆ చివర ట్రే పెట్టేది యంత్రం కాదు కదా. పది సెకన్లకొకటి, పొద్దుటి నుంచి సాయంత్రందాకా. ఆవిడ చేతులు ఎంత అందుకుంటాయో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆవిడని అడగండి."

సూపర్‌వైజరుకి అది ఎప్పుడూ తట్టినట్టు లేదు. అయినా నడుచుకుంటూ వెళ్ళాడు. గోలలో వినపడదని వంగి, ట్రేలక్క చెవి దగ్గర నోరు పెట్టి అడిగాడు. ఆవిడ చేతిలో ఉన్న ట్రే బెల్టు మీద పెట్టింది. ఇంకోటి తీసింది, పెట్టింది. మూడోది పెట్టేటప్పుడు కావాలనే తొందరగా పెట్టి, చేతికీ నడుముకీ ఎలా ఉందో చూసుకుంది.

"ఏడు చాలు" అంది.

"ఆరు?"

"ఏడు" అంది ట్రేలక్క, ఇంకో ట్రే అందుకుంటూ.